సకినం బరువు పుస్తకం

మా ఇంట్లో ఉన్న సిరియన్ హామ్‌స్టర్ (ఎలుక జాతి చిన్న పెంపుడు ప్రాణి) పేరు సకినం. చుట్ట చుట్టుకొని పడుకున్నప్పుడు సంక్రాంతికి అవ్వ పాత బట్ట మీద చుట్టే సకినంలాగే ఉందని మా చిన్నమ్మాయి ఆ పేరు పెట్టింది. 2024 జూన్ చివరి వారంలో హన్మకొండలోని ఒక పెంపుడు జంతువుల దుకాణంలో దానిని కొన్నాము. వయసు ఆరు వారాలన్నారు. వంటింటి డిజిటల్ త్రాసు మీద స్టీలు గిన్నె పెట్టి తూచితే 52 గ్రాములు వచ్చింది. ఆ రోజు సరదాకు రాసిన ఆ అంకె తరువాతి ఏడు నెలల పాటు మేము పెట్టిన లెక్కకు మొదటి వరుస అయింది.

ఇంటికి వచ్చిన ఐదవ రోజు ఉదయం తోక కింద వెంట్రుకలు తడిసి అతుక్కొని ఉన్నాయి. బరువు 46 గ్రాములకు దిగింది. నగరం అంచున మామునూరులో పశువైద్య కళాశాల ఉన్నప్పటికీ ఇక్కడి డాక్టర్ల బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి కుక్కలు, మేకలు, బర్రెలే కాబట్టి, హామ్‌స్టర్‌ను చూస్తామనే వారి కోసం ముందుగా నాలుగు చోట్లకు ఫోన్ చేయవలసి వచ్చింది. చూసిన డాక్టరు గారు దీనిని ‘వెట్ టెయిల్’ అంటారని, మూడు నుంచి పది వారాల వయసు పిల్లలకు ఎక్కువగా వస్తుందని, లాసోనియా అనే బాక్టీరియా పేగు గోడను దెబ్బ తీస్తుందని, తల్లి నుంచి వేరు కావడం, దుకాణం మారడం, ప్రయాణం వంటి ఒత్తిళ్ళే దానికి దారి ఇస్తాయని వివరించారు. ఇంత చిన్న శరీరంలో నీరు తగ్గిపోతే రెండు మూడు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు కనుక ముందుగా చర్మం కింద సెలైన్ ఎక్కించి, తరువాత బరువును బట్టి మందు లెక్క కట్టి ఇచ్చారు.

ఇక్కడ ఒక విషయం చెప్పి తీరాలి. ఆ సాయంత్రం ఇంటికి వచ్చిన మా బావమరిది, పిల్లల కోసం తెచ్చి సగం వాడిన అమాక్సిసిలిన్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది కదా, రెండు చుక్కలు పోస్తే సరిపోతుందన్నాడు. అదృష్టవశాత్తు డాక్టరు గారు అప్పటికే హెచ్చరించారు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్, లింకోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటివి హామ్‌స్టర్ పేగుల్లో ఉండవలసిన మంచి బాక్టీరియాను చంపివేయగా, ఆ ఖాళీలో క్లాస్ట్రిడియం అనే చెడ్డ బాక్టీరియా పెరిగి దాని విషంతోనే ప్రాణం పోతుంది. మనిషికి మామూలు మందే అయినా దీనికి అది విషం కింద లెక్క.

సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో ఓఆర్‌ఎస్ నీటిని చుక్క చుక్కగా పెదవి పక్క నుంచి, అది నాకి మింగిన తరువాతే మరో చుక్క చొప్పున, రాత్రి కూడా లేచి తాగించాము. తలను వెనక్కి వంచి పోస్తే నీరు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పన్నెండు రోజులకు లద్దెలు మళ్ళీ వడ్లగింజంత పరిమాణంలో, ముదురు గోధుమరంగులో, గట్టిగా రావడం మొదలయింది. తెల్ల కాగితం మీద వేసి వేలితో నొక్కితే అతుక్కోకుండా దొర్లిపోయేది మంచి లద్దె; ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు. సెప్టెంబరు చివరికి బరువు 124 గ్రాములు.

అక్టోబరు 8, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు. రాత్రి పంజరంలో అది పరుగెత్తే చక్రం తిరిగిన చప్పుడు లేదు. మెత్తని లద్దెలు, సగం మూసిన కళ్ళు, 117 గ్రాములు. లద్దె పరీక్ష చేయిస్తే పురుగుల గుడ్లు కనిపించలేదు. (ఈ పరీక్ష ఎలాగూ చేయించవలసినదే, హామ్‌స్టర్లలో ఉండే మరుగుజ్జు బద్దెపురుగు మనుషులకూ అంటుతుంది, కాబట్టి పంజరం ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.) ఆ వారంలో దోసకాయ ముక్కలు ఎక్కువగా పెట్టామని గుర్తుకు వచ్చి నేరమంతా దోసకాయ మీదికి తోసి మానిపించాను. ఐదు రోజుల్లో కోలుకుంది.

నవంబరు 4. మళ్ళీ అదే. దీపావళి టపాకాయల చప్పుడుకు భయపడి ఉంటుందని రాసుకున్నాను. ఆ పేజీని ఇప్పుడు చూస్తే నాకే నవ్వు వస్తుంది, ఎందుకంటే అదే పేజీలో నాలుగు వరుసల పైన “బలం కోసం ఉడికించిన గుడ్డు తెల్లసొన, మెత్తని అన్నం, క్యారెట్ తురుము, రోజూ” అని నా చేతిరాతే ఉంది.

డిసెంబరు 2. నాలుగవసారి. ఈసారి విరేచనం కంటే మందకొడితనమే ఎక్కువ. అరచేతిలో పెట్టుకుంటే చల్లగా, బరువులేని దూది ఉండలా ఉంది. చలికాలం కాబట్టి శీతనిద్రలోకి పోతున్నదేమో అనుకున్నాను, కానీ గదిలో థర్మామీటరు 21 డిగ్రీలు చూపిస్తున్నది, శీతనిద్రకు అంతకంటే చాలా చలి కావాలి. నీళ్ళ సీసా మూతికి, నాకితే నీరు వదిలేందుకు ఉండే ఉక్కు గోళీని వేలితో కదిలించి చూస్తే, మా బోరు నీటి ఉప్పు పేరుకొని సగం బిగుసుకుపోయి ఉంది. వంద గ్రాముల బరువుకు రోజుకు సుమారు పది మిల్లీలీటర్లు తాగవలసిన ప్రాణి ఎన్నాళ్ళ నుంచి గొంతు తడుపుకోవడానికి పోరాడుతున్నదో. మా అవ్వ పక్కనే కూర్చొని, “దానికి కడుపుల నొస్తున్నదని నీకు చెప్పరాదు గద బిడ్డా, నువ్వే జర అరుసుకోవాలె” అన్నది. గోళీని వెనిగర్‌లో నానబెట్టి కడిగాక నీరు బాగానే వచ్చింది, మందకొడితనం రెండు రోజుల్లో తగ్గింది, కానీ లద్దెలు మెత్తగానే ఉన్నాయి.

అప్పుడు మేతను కూడా తూచడం మొదలుపెట్టాను. రోజుకు పది గ్రాముల గింజలు (కొర్రలు, సజ్జలు, కొద్దిగా గుమ్మడి గింజలు), ఒక చెంచా మెత్తని మేత. పొద్దున్నే చూస్తే గిన్నె తుడిచినట్లు ఖాళీ. బరువు మాత్రం 118, 117, 115. తింటున్నదంతా ఎక్కడికి పోతున్నదన్న ప్రశ్న ఇన్ని నెలల తరువాత కానీ నా బుర్రకు తట్టలేదు.

డిసెంబరు 8, ఆదివారం. పంజరంలో పదిహేను సెంటీమీటర్ల మందాన కాగితపు ముక్కల పరుపు ఉంటుంది; దాని మూలలో బోర్లించిన కొబ్బరి చిప్ప సకినం ఇల్లు. ఆ చిప్పను ఎత్తి చెంచాతో తవ్వితే పైన గుమ్మడి గింజలు వరుసగా పేర్చినట్లు ఉన్నాయి. వాటి కింద నల్లబడిన క్యారెట్ తురుము, ఉండ కట్టిన అన్నం, దాని అడుగున పచ్చని బూజు పట్టిన తెల్లసొన. పులిసిన కల్లు వాసన గుప్పున కొట్టింది. మొత్తం తూచితే 43 గ్రాములు, దాని సొంత బరువులో మూడో వంతుకు పైన.

హామ్‌స్టర్‌కు భుజాల దాకా సాగే చెంప సంచులు ఉంటాయి. అది గిన్నె దగ్గర తినడం తక్కువ, మోసుకుపోయి దాచుకోవడం ఎక్కువ. జర్మన్ భాషలో సరుకు పోగేసుకోవడాన్ని ఈ జంతువు పేరుతోనే చెబుతారు. సిరియా పొడినేలల్లో పొడి గింజలు దాచుకున్నంత వరకు ఆ అలవాటు దానిని కాపాడింది. నేనేమో జబ్బు చేసిన ప్రతిసారీ బలానికని తడి మేత పెట్టాను, అది దాచుకుంది, దాచినది కుళ్ళింది, కుళ్ళినది తిని మళ్ళీ జబ్బు పడింది, నేను మళ్ళీ తడి మేత పెట్టాను. రెండు జబ్బుల మధ్య దాదాపు నాలుగు వారాల విరామం పుస్తకంలో స్పష్టంగా కనిపిస్తున్నా, నేను ప్రతిసారీ బయటి నేరస్థుడినే వెతికాను. ఆ మూలను నేను ముట్టకపోవడానికీ ఒక కారణం ఉంది. పరుపంతా ఒకేసారి మార్చితే సొంత వాసన పోయి హామ్‌స్టర్ బెదిరిపోతుందని, పాతది కొంత ఉంచాలని విన్నాను. మాట సరైనదే; కానీ నేను ప్రతిసారీ ఉంచిన పాత భాగం సరిగ్గా ఆ మూలే.

ఇప్పుడు తడి మేతను పంజరంలో పెట్టడం మానేశాము. సాయంత్రం ఎనిమిదింటికి సకినాన్ని ఒక ప్లాస్టిక్ టబ్బులోకి దించి, గోరంత క్యారెట్ ముక్కనో, రెండు మెంతి ఆకులనో చేతితో అందిస్తాము. చెంపలు ఉబ్బి ఉంటే అవి ఖాళీ అయ్యేదాకా తిరిగి లోపలికి పంపము; ఒక్కోసారి ఇందుకు నలభై నిమిషాలు పడుతుంది, మా చిన్నమ్మాయి హోంవర్క్ ఆ టబ్బు పక్కనే అవుతుంది. రెండు రోజులకొకసారి చిప్ప ఎత్తి, తడిగా ఉన్నది మాత్రమే తీసి, పొడి గింజలను అక్కడే వదిలేస్తాను, ఎందుకంటే దాచుకున్న సొమ్ము మొత్తం దోచేస్తే అది రాత్రంతా పంజరం కడ్డీలు కొరుకుతుంది. ఇది ఒకసారి చేసి తెలుసుకున్నాను. నీళ్ళ సీసా మీద మార్కరుతో గీత గీసి పొద్దున ఎంత దిగిందో చూస్తాను. ఆదివారం, బుధవారం తూకం; వారంలో ఐదు గ్రాములు తగ్గితే ఇక ఆలోచించకుండా డాక్టరు దగ్గరికే.

వేసవికి ఇంకా సిద్ధం కావలసి ఉంది. మే నెలలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ముప్పై దాటితేనే దీనికి కష్టం. పాత కుండ పెంకు ఒకటి కడిగి ఆరబెట్టాను, చల్లగా దాని మీద పడుకుంటుందని; కూలర్ గాలి నేరుగా తగలని మూల కోసం ఇంట్లో వెతుకుతున్నాము.

2025 జనవరి 26, ఆదివారం. బరువు 136 గ్రాములు. లద్దెలు గట్టివి. నీరు 14 మిల్లీలీటర్లు. చిప్ప కింద 11 గ్రాములు, అంతా పొడి గింజలే, వాటి మధ్య చిన్నమ్మాయి వారం రోజులుగా వెతుకుతున్న రబ్బరు ముక్క ఒకటి.