రాత్రి ఎలా గడిచిందండీ మామ్మగారూ

మా ఆయన చనిపోయిన ఏడాదికి నా నిద్ర పూర్తిగా చెడింది. రాజోలు దగ్గర కాలవ గట్టున మా ఇల్లు. రాత్రి రెండింటికే మెలకువ వచ్చేసేది. పెరట్లో కొబ్బరిమట్ట రాలినా వినపడేది. పక్క మంచం ఖాళీ. తెల్లారేసరికి తల దిమ్ము, ఎవరు పలకరించినా విసుగు. పిల్లలకి చెబితే "ఈ వయసులో అంతేనమ్మా" అన్నారు. నేనూ కాబోలు అనుకున్నాను.

మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే నిద్రమాత్ర ఇచ్చారు. మొదట్లో హాయిగానే ఉండేది. పోనుపోను ఒకటి చాలక రెండు వేసుకున్నాను. ఏడు నెలల తర్వాత ఓ రాత్రి బాత్‌రూమ్‌కని లేచి, ఆ మత్తులో గడప తట్టుకుని పడ్డాను. తుంటి ఎముక విరిగింది. అప్పటికి నాకు 71 ఏళ్ళు.

అమలాపురంలో ఆపరేషన్ చేశారు. మర్నాడు రాత్రి నుంచి నాకు ఒళ్ళంతా వణుకు, చెమటలు. మా ఆయన వాకిట్లో నిలబడి పిలుస్తున్నారని లేవబోయానట. పెద్దతనం వల్ల మతి తప్పిందని ఇంట్లోవాళ్ళు ఏడుపు మొదలెట్టారు. రాత్రి డ్యూటీ నర్సమ్మాయి మాత్రం నా చెయ్యి పట్టుకుని వేళ్ళ వణుకు కాసేపు చూసి, మా కోడల్ని అడిగింది: "అక్కా, మామ్మగారు ఇంటి దగ్గర రాత్రిళ్ళు ఏమైనా బిళ్ళలు వేసుకునేవారాండీ?" నేను ఎవరికీ చెప్పలేదు. తలగడ గలీబులో దాచుకున్న అట్టని పొద్దున్నే మా అబ్బాయి వెళ్ళి తెచ్చాడు. ఆ నిద్రమాత్ర పేరు అల్‌ప్రాజోలమ్. అన్నాళ్ళు వాడింది ఒక్కసారిగా ఆగిపోతే ఇలాగే అవుతుందట, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయట. ఆ అట్ట చూశాక డాక్టరుగారు మందు మార్చారు. రెండు రోజులకి తేరుకున్నాను. ఆ పిల్ల ఆ ఒక్క మాట అడగకపోతే నాకు పిచ్చెక్కిందనే అనుకునేవారు. ఇప్పటికీ అది తలుచుకుంటే కళ్ళు చెమరుస్తాయి.

ఆ తర్వాత తను నా రాత్రుల్ని సొంతవిషయంలా పట్టించుకుంది. నా నెత్తి మీది ట్యూబ్‌లైటు తీసేసి, తలుపు దగ్గర చిన్న బల్బు ఒక్కటే ఉంచేది. నొప్పి బిళ్ళ పడుకునే ముందే ఇచ్చేది. బీపీ, జ్వరం వేరే వేరేగా వచ్చి చూసి లేపకుండా, అన్నీ ఒక్కసారే చూసుకుని వెళ్ళేది.

ఇంటికి పంపేటప్పుడు ఓ చిన్న నోటుపుస్తకం చేతికిచ్చింది. ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నిసార్లు లేచాను, పగలు ఎంతసేపు కునుకు తీశాను, అన్నీ రాయమంది. రెండు వారాల తర్వాత చూపిస్తే వేలుపెట్టి చూపించింది. "ఎనిమిదింటికే పడుకుని రెండింటికి లేచారంటే ఆరు గంటలు నిద్రపోయినట్టేనండి. మధ్యాహ్నం మరో రెండు గంటలు పడుకుంటున్నారు, ఇంక రాత్రికి నిద్ర ఎక్కడ మిగులుతుందండీ?" అంది. నేను అలా ఎప్పుడూ లెక్కేసుకోలేదు. బీపీకి ఇచ్చిన బిళ్ళల్లో ఒకటి ఒంట్లో నీరు లాగేదట. అది రాత్రిపూట వేసుకోవడం వల్లే మాటిమాటికీ బాత్‌రూమ్‌కి లేస్తున్నానని గమనించి డాక్టరుగారికి చెబితే, ఆయన పొద్దుటికి మార్చారు. నాలుగింటి టీ మానేశాను. పదిన్నర దాకా పక్క ఎక్కడం లేదు. మధ్యాహ్నం కునుకు అరగంటే. వాకర్ పట్టుకుని నడక మొదలెట్టాక, పొద్దుటెండలో కాలవ గట్టు దాకా వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

నిద్రమాత్ర మాత్రం ఒక్కసారిగా ఆపకుండా, డాక్టరుగారు చెప్పినట్టే, సగం చేసి, పావు చేసి, మూడు నెలలకి మానగలిగాను. ఆ మూడు నెలలు తేలిక కాదు. పావు బిళ్ళ దగ్గర రెండుసార్లు ఏడ్చాను. ఆ అమ్మాయి ఫోన్‌లో "ఇవాళ పట్టకపోయినా ఫర్వాలేదండి, మంచం మీద దొర్లకుండా లేచి కాసేపు కూర్చోండి" అనేది.

ఇప్పటికీ వారంలో ఒకటి రెండు రాత్రులు మెలకువ వస్తుంది. అరుగు మీద కుర్చీలో కూర్చుంటాను, రెప్పలు బరువెక్కాకే వెళ్ళి పడుకుంటాను. ఇంటి నుంచి బాత్‌రూమ్ దాకా గోడకి మా అబ్బాయి కడ్డీ పెట్టించాడు, గడప దగ్గర చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. పోయిన నెల చెకప్‌కి వెళ్తే ఆ అమ్మాయి కాలు సంగతి కన్నా ముందు పుస్తకం అడిగింది. తీసుకెళ్ళాను.