హోలీ దాటాక, ఉగాది రాకముందు

పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వగానే మా ఫ్రెండ్స్ మొదలుపెడతారు, "మీ మామ వాళ్ల ఊరికి పోయి చేపలు పడదాం" అని. మే నెలలో మా చెరువుకు వస్తే దొరికేది వడదెబ్బే అని ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు. అప్పటికి నీళ్లు తూము దగ్గర గుంటలా మిగులుతాయి, అవి కూడా కాగిపోయి గాలి అందక తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటాయి గానీ ఎర వైపు కూడా చూడవు. చలికాలం ఇంకో రకం, నీళ్లు చల్లగా ఉండి చేపకు ఆకలే ఉండదు. అందుకే గాలానికి నా లెక్కలో అసలు రోజులు హోలీకీ ఉగాదికీ మధ్య వచ్చే ఆ పక్షం రోజులే, కట్ట మీద మోదుగులు ఇంకా ఎర్రగా ఉండగానే వెళ్లాలి.

ఈసారి ఎలాగోలా ఒప్పించి ఇద్దరు ఆఫీసు ఫ్రెండ్స్‌నీ, మా ఆవిడనీ, ఎనిమిదేళ్ల పాపనీ కారులో వేసుకుని శుక్రవారం రాత్రే జనగామ వైపు బయల్దేరా.

పొద్దున ఐదున్నరకు మామ లేపాడు. ఆయన అప్పటికే పెంటకుప్ప పక్కన తడి మట్టి తవ్వి ఎర్రలు, అంటే వానపాములు, తీసి కొబ్బరి చిప్పలో పెట్టేశాడు, ఇంకో గిన్నెలో గోధుమపిండీ తవుడూ కలిపిన ముద్ద. మా ఫ్రెండ్ ఒకడు ఆన్‌లైన్‌లో కొన్న రాడ్ తెచ్చాడు, చక్రం తిప్పితే దారం చుట్టుకునేది. నేను నవ్వలేదు, నిజానికి అది బాగానే పనిచేసింది, తుంగ లేని చోట.

చెరువు ఊరి మత్స్యకారుల సంఘానిది. ముందురోజే మామ వాళ్లను అడిగిపెట్టాడు. పరకల్లాంటి చిన్న చేపలు, జెల్లలు ఎన్ని పడితే అన్నీ మనవి, వాళ్లు చేపపిల్లలు పోసి పెంచుకున్న బొచ్చె, రవ్వ పడితే మాత్రం నీళ్లలో వదిలేయాలి. నాకు ఇది న్యాయంగానే అనిపిస్తుంది. రాడ్ ఫ్రెండ్‌కు మాత్రం అనిపించలేదు, ఎందుకంటే వాడికి మొదటి గంటలోనే కిలోన్నర రవ్వ పడింది. ఫొటో తీసుకుని, ఇంకో ఫొటో తీసుకుని, "నిజంగా వదలాలా అంకుల్?" అని మామ మొహం చూసి, చివరికి వదిలాడు. మధ్యాహ్నం దాకా వాడి మూడ్ బాలేదు.

మాకందరికీ పని గాలం దారానికి కట్టి నీళ్ల మీద తేలే బెండు చూడటమే. పరక అయితే ఎరను కొరుక్కు తింటుంది, బెండు ఉన్నచోటే వణుకుతుంది, తొందరపడి లాగితే ఉత్త గాలం ముల్లే వస్తుంది. జెల్ల అలా కాదు, మింగి ఏటవాలుగా ఈడ్చుకుపోతుంది. ఈ తేడా నాకు పట్టుబడటానికి మూడేళ్లు పట్టింది, పాపకు ఒక పొద్దున సరిపోయింది. దానికి మామ చెప్పిందల్లా "బెండు మునిగినంక ఒకటి, రెండు అనుకో బిడ్డా, గప్పుడు గుంజు" అని. అది గట్టిగా పైకే లెక్కపెడుతుంటే చేపలు పారిపోతాయని నాకు టెన్షన్. పారిపోలేదు, పది పరకలు పట్టింది.

ఇక నా సంగతి. జానెడు జెల్ల పడింది, చేతిలోకి తీసుకోగానే గుర్రు గుర్రుమని చప్పుడు చేసింది, పాపను పిలిచి వినిపిద్దామని తల అటు తిప్పా. జెల్లకు వీపు మీద ఒక ముల్లు, రెండు పక్కలా రెక్కలకు చెరొక ముల్లు ఉంటాయి, భయపడితే వాటిని నిలబెట్టి బిగించేస్తుంది. పక్క ముల్లు నా బొటనవేలులో దిగింది. చూస్తే సూది మొన అంత రంధ్రం, మంట మాత్రం మోచేతి దాకా. మామ ఏం కంగారు పడలేదు, ఇంటికి తీసుకెళ్లి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో వేలు పెట్టించాడు, అరగంటలో సలుపు చాలావరకు తగ్గింది. తర్వాత టీటీ సూది కూడా వేయించుకున్నా లెండి. అసలు పట్టుకోవాల్సింది వెనక నుంచి, పక్క ముళ్లు రెండూ వేళ్ల సందుల్లోంచి బయటికి వచ్చేలా. ఇది నాకు తెలుసు, అయినా పొడిపించుకున్నా.

సాయంత్రం తుంగలో బుడుంగుమని చప్పుడైంది. కొర్రమట్ట, పైకొచ్చి గాలి మింగి పోయింది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దీన్నే. చీకటి పడేదాకా అక్కడే చిన్న పరకను బతికుండగానే ఎరగా కట్టి కూర్చున్నాం, కొర్రమట్ట ఇంకో రెండుసార్లు మా ముందే గాలి మింగింది గానీ ఎరను ముట్టలేదు.

అత్తమ్మ జెల్లల ముళ్లు ముందే నరికేసి, బూడిద వేసి జిగురు పోయేదాకా రాతి మీద పామి, చింతపండు లేకుండా పుల్ల మామిడికాయతో పులుసు పెట్టింది. పరకలు కరకరలాడేలా వేయించింది, ముళ్లతో సహా నమిలేయొచ్చు. వాటి మీద పిండడానికి మా ఫ్రెండ్స్ హైదరాబాద్ నుంచి నిమ్మకాయలు కూడా తెచ్చారు. అత్తమ్మ వాటిని ఒక చూపు చూసి, మజ్జిగలోకి వాడేసింది.