మళ్ళీ మూడో రౌండ్ దగ్గరే: తొమ్మిదో వారం

కౌంటర్-స్ట్రైక్ 2 టోర్నీ, మిరాజ్ మ్యాప్‌లో 2-0 నుంచి 2-5. సీటీ సైడ్‌లో (అంటే సైట్లు కాపాడే పక్షం) పిస్టల్ రౌండ్, అదే చిన్న గన్‌లతో ఆడే మొదటి రౌండ్, మాదే, రెండోదీ మాదే, ఆ తర్వాత వరసగా ఐదూ వాళ్ళవే. కప్పు ఎప్పట్లాగే ఆ ఒక్క టీమే ఎత్తుకుపోయింది. "వాళ్ళ ఎయిమ్ వేరే లెవెల్ మామా" అని మావాళ్ళు తేల్చేశారు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎయిమే కారణమైతే పిస్టల్ రౌండ్లో కూడా మమ్మల్ని తన్నాలి కదా.

రాత్రంతా డెమోలు (మ్యాచ్ రికార్డింగ్‌లు) ముందేసుకుని కూర్చున్నా. వాళ్ళ మీద మేం 2-0తో మొదలుపెట్టిన హాఫ్‌లు 9 దొరికాయి. వాటిలో మూడో రౌండ్ 8 సార్లు పోయింది. అందులో వింతేం లేదు. గన్‌లు కొనడానికి గేమ్ ఇచ్చే డబ్బు పిస్టల్ ఓడితే తలా 1900, రెండోదీ ఓడితే 2400. రెండో రౌండ్లో ఏమీ కొనకుండా సేవ్ చేస్తే మూడోదానికి తలా 4300 చేతిలో ఉంటుంది. ఏకే రైఫిల్‌కి 2700, హెల్మెట్‌తో ఆర్మర్‌కి 1000 పోగా ఒక స్మోక్ గ్రెనేడూ ఒక ఫ్లాష్ గ్రెనేడూ కూడా వస్తాయి. మా చేతుల్లో ఉన్నవేమో ఎంపీ9లు, దగ్గర్నుంచే పనికొచ్చే చవక గన్‌లు.

అసలు రోగం నాలుగో రౌండ్లో ఉంది. ఆ 8 సార్లలో 7 సార్లు అదీ పోయింది. రెండు గెలిచి ఒకటి ఓడినవాడికి లాస్ బోనస్ (ఓడినందుకు వచ్చే డబ్బు) 1400 మాత్రమే. అందుకే మూడోదానికి ఎంపీ9లే ఉంచుకుని డబ్బు దాచాలని అందరికీ తెలుసు, మాకూ తెలుసు. అయినా ప్రతిసారీ ముగ్గురు దాస్తున్నారు, ఇద్దరు ఎం4 రైఫిల్ కొనేస్తున్నారు. (ఆ ఇద్దర్లో ఒకణ్ణి నేనే, దాచడమెందుకు.) ఓడగానే ముగ్గురికి రైఫిల్ డబ్బులుంటాయి, ఇద్దరి జేబులు ఖాళీ. నాలుగోది సగం సగం కొని ఓడతాం, ఐదోదానికి అందరం దివాళా.

మూడో రౌండ్ పోయేది మొదట దూరం నుంచి కాల్చుకోవడం వల్లేమో అనుకున్నా. వాళ్ళొచ్చే ర్యాంప్, ప్యాలెస్ దారుల వైపు ఎదురెళ్ళకుండా, బాంబు పెట్టే సైట్ లోపల దగ్గరగా కాసుకుని మూడు స్క్రిమ్‌లు (ప్రాక్టీస్ మ్యాచ్‌లు) ఆడాం. రౌండ్ మూడుసార్లూ పోయింది. ఒకసారి మాత్రం రెండు ఏకేలు లాక్కుని తర్వాతి రౌండ్‌కి దాచుకోగలిగాం. పనికొచ్చేదే, కానీ ఇది మందు కాదు.

తర్వాత మా వాయిస్ రికార్డింగ్‌లు విన్నా. ఫ్రీజ్ టైమ్, అంటే రౌండ్‌కి ముందు కదలకుండా కొనుక్కునే సమయం, 15 సెకన్లు. "ఏం కొందాం రా?" "నీ దగ్గరెంతుంది?" "ఆగు, నాకో గన్ డ్రాప్ చెయ్యి." ఇది తేలేసరికి 11, 12 సెకన్లు. అవతలివాళ్ళ డెమోలో ఐదుగురి కొనుగోలూ నాలుగో సెకనుకి అయిపోతోంది. ఆ ఐదుగురూ మొదట్నుంచీ మారలేదు. మేం ఇప్పటికే ఇద్దర్ని మార్చాం.

ఇంకో సంగతి లెక్కేస్తే కడుపు మండింది. 16 టీమ్‌ల నాకౌట్‌లో మొత్తం 15 మ్యాచ్‌లు. ఎనిమిది టీమ్‌లు ఒక్కటాడి ఇంటికి, గెలిచేవాళ్ళకి నాలుగు. ఒత్తిడిలో ఆడే అలవాటంతా ప్రతిసారీ వాళ్ళకే పోగవుతోంది. పైగా ఏ టీమ్ విడిపోయినా అందులో బాగా ఆడేవాడు వెళ్ళి వాళ్ళ బెంచీ మీదే కూర్చుంటాడు. మేజర్‌లలో (ఈ గేమ్ అతి పెద్ద టోర్నీల్లో) వాడే స్విస్ పద్ధతైతే మూడు ఓడితేనే బయటికి, అంటే ఎంత చెత్త టీమ్‌కైనా మూడు మ్యాచ్‌లు ఖాయం. నిర్వాహకుల్ని అడిగి చూడాలి.



మావాడొకడు స్నాప్ ట్యాప్ (ఎడమ, కుడి కీలు రెండూ నొక్కితే చివరిదాన్నే తీసుకునే సదుపాయం) ఉందని రేజర్ కీబోర్డ్ కొన్నాడు. 2024 ఆగస్టులోనే గేమ్ తయారుచేసే వాల్వ్ తన సర్వర్లలో దాన్ని వద్దంది, వీడికిప్పుడు తెలిసింది. అదున్నా మూడో రౌండ్లో ఏం కొనాలో చెప్పదు. నా పాత జోవీ ఈసీ2 మౌస్ చాలు, దానికి నేను ఒక్క పైసా కలపను.

వచ్చే వారం నుంచి కొనుగోలు మాట ఒక్కడిదే, అదీ మూడో సెకనులోపు. నేను ఎం4 కొంటే తర్వాతి మ్యాప్‌లో బెంచీ మీద కూర్చోబెట్టమని చెప్పా. మ్యాప్‌ల ఎంపికలో న్యూక్ ఎలాగూ బ్యాన్ చేస్తాం. యాన్షెంట్ మ్యాప్ మొదలెడదామా అని చూస్తున్నా, వాళ్ళు దాన్ని పిక్ చేయగా ఇంతవరకూ చూడలేదు.