ముందు వరసలో కూర్చున్నాయన

స్టాండప్ కామెడీలో, డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లనే పట్టుకుని ఆడుకోవడం నాకు అస్సలు నచ్చలేదు. పడుకుందామని లైటు కూడా ఆర్పేసి, మళ్లీ లేచి ఇది టైప్ చేస్తున్నాను. ఈయన "ఇంకా అదేనా" అని అటు తిరిగి పడుకున్నారు.

సాయంత్రం స్టాండప్ షో సంగతే. ముందు వరసలో ఒకాయన, పక్కన భార్య. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లాడు "అన్నా, ఏం చేస్తుంటావ్?" అని మైకు పెట్టాడు. "రొయ్యల గుంటలు" అన్నాడాయన. ఇంక చూడాలి. ఎన్ని కోట్లు దాచావన్నాడు, వాసన స్టేజీ దాకా వస్తోందన్నాడు, వదిన ఎట్లా భరిస్తోందన్నాడు, మన నెల్లూరు యాస కూడా ఎత్తుకున్నాడు, అదీ సరిగ్గా రాలేదు. ఆయన మొదట నవ్వాడు, తర్వాత కర్చీఫ్ తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆవిడ ఫోన్ చూస్తున్నట్టు తల దించుకుంది గానీ స్క్రీన్ వెలగడం లేదు. హాలంతా చప్పట్లు.

మా అన్నయ్యకూ రొయ్యల గుంటలే. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి పోయేసరికి, కొనేవాళ్లు రేటు కోసేసి ఇస్తే ఇవ్వు లేకపోతే పో అన్నట్టు మాట్లాడారు. రొయ్య ఆగదు కదా, మేత తింటూనే ఉంటుంది, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే డీజిల్ పోసి జనరేటర్ వెయ్యాలి, లేదంటే తెల్లవారుజామున ఆక్సిజన్ అందక చచ్చి తేలతాయి. తెల్లమచ్చ రోగం వస్తే మొత్తం పోయినట్టే. ఆ ముందు వరసాయన కూడా రాత్రిళ్లు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తిరిగే మనిషే అయ్యుంటాడు, ఒక్క పూట నవ్వుకుందామని భార్యను తీసుకుని వచ్చుంటాడు. ఆయన్ని కోట్లెన్ని అని అడుగుతారా?

చిన్నప్పుడు జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల్లో చూసిన మిమిక్రీ ఆయన గుర్తొచ్చాడు. ఇసుకలో చాప వేసుకుని కూర్చున్నాం. రైలు కూత, కుక్కల కొట్లాట, ఎన్టీఆర్, ఏఎన్నార్ అన్నీ అయ్యాక "మీలో గొడ్లు కాసేవాళ్లు ఎవరన్నా ఉండారా సామీ" అని అడిగాడు. మా నాన్న లేచాడు. అమ్మ పంచె పట్టుకుని లాగుతోంది, ఆయన ఆగలేదు. బర్రెను ఎట్లా పిలుస్తావో పిలువు అన్నాడు. నాన్న పెన్నలో ఆ ఒడ్డుకు వినపడేట్టు పిలిచాడు. మిమిక్రీ ఆయన అదే పిలుపు పిలవబోయి, కావాలనే గొంతు జీరబోయినట్టు చేసి, "ఇది నావల్ల కాదు, ఈ పెద్దాయనకే చప్పట్లు కొట్టండి" అన్నాడు. నాన్న ఆ ఏడాదంతా ఆ కథ చెప్పుకున్నాడు. మిమిక్రీని మనదగ్గర ఒక పెద్ద విద్యగా నిలబెట్టిన నేరెళ్ల వేణుమాధవ్‌ను నేను ప్రత్యక్షంగా చూడలేదు, ఆ జొన్నవాడ మిమిక్రీ ఆయన మాత్రం గుర్తున్నారు. పాత సినిమాల హాస్యనటుడు, మన జిల్లా రమణారెడ్డి గారు కూడా అంతే, తన బక్క ఒంటినే వంచి మెలితిప్పి నవ్వించారు గానీ సీట్లో వాళ్ల జోలికి రాలేదు.

అందుకే సినిమానే నయం, తెర దిగి వచ్చి ఎవరినీ ఏమీ అడగదు అని ఈయనతో వాదించాను. లిటిల్ హార్ట్స్ చూసినప్పుడు ఎంత హాయిగా నవ్వాం! ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లే పిల్లాడి కథ, కాలేజీ హాస్టళ్లతో నిండిపోయిన మన ఊళ్లో ఎవరికి ఎక్కదు?

కానీ ఇది రాస్తుంటే ఆ మాట మీద నిలబడలేకపోతున్నాను. నత్తి ఉన్నవాళ్లను, లావుగా ఉన్నవాళ్లను, నల్లగా ఉన్న ఆడపిల్లలను ఏళ్ల తరబడి ఏడిపించింది సినిమాలే కదా. చిన్నత్త కూతురు నత్తి సీన్ రాగానే బాత్రూమ్‌కని లేచి వెళ్లిపోయేది. తెరకు ఆమె ఏం బదులు చెప్తుంది? సంక్రాంతికి వస్తున్నాంలో బుల్లిరాజు బూతులకు అత్తయ్య కూడా పగలబడి నవ్వింది, మర్నాడు మావాడి నోట అవే వస్తే నేను చూసుకోవాల్సి వచ్చింది. షోలో కనీసం తిరిగి అనొచ్చు. వెనక వరసలో ఒక పెద్దావిడ అంది కూడా: "నాయనా, నువ్వు రాత్రి తిన్న రొయ్యల బిర్యానీ ఆయన గుంటలోదే." ఆ పిల్లాడు నిజంగా తలవంచి నవ్వాడు, షో మొత్తానికి మంచి నవ్వు అదే. పెళ్లి బఫే లైను మీద చెప్పిన ముక్క కూడా బావుంది, దాన్ని కాదనను.

అయినా ముందు వరసాయన తరఫున ఆ పెద్దావిడ మాట్లాడాల్సి రావడం నాకు మింగుడు పడటం లేదు. ఎవరేం చేస్తారని అడగడం తప్పు కాదు, చెప్పింది కాస్త వినాలి. గుంటల్లో నవ్వు లేదా? అన్నయ్య దగ్గర కూర్చుంటే గంటసేపు నవ్విస్తాడు. వచ్చే నెల ఇంకెవరో వస్తున్నారట, మాతో రమ్మని ఇందాక ఫోన్ చేస్తే గుంటలో రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దాంలే అన్నాడు.