మా ఒడిస్సీ మినీవ్యాన్‌కి చలికాలం టైర్లు

అక్టోబర్ రెండో వారం వచ్చేసింది. ఇక్కడ మిన్నియాపొలిస్ పక్కన మేపుల్ గ్రోవ్‌లో చెట్లన్నీ ఎర్రబడిపోయాయి, పొద్దున్నే పిల్లల్ని స్కూల్ బస్సెక్కించడానికి బయటికెళ్తే నోట్లోంచి పొగ వస్తోంది. మొన్న ఆదివారం గుళ్ళో ఒకమ్మాయి కలిసింది, ఈ ఎండాకాలమే టెక్సస్ నుంచి మారారట, ఇద్దరు చిన్నపిల్లలు. "అక్కా, మినీవ్యాన్ కొందామనుకుంటున్నాం, ఈ మంచుకి ఏది బావుంటుంది, నాలుగు చక్రాలకీ బలమిచ్చే ఏడబ్ల్యూడీ ఉండి తీరాలా?" అని అడిగింది. ప్రసాదం పొట్లం చేతిలో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదిది, ఇంటికెళ్ళి వివరంగా రాసి పెడతానమ్మా అన్నాను. ఇదిగో రాస్తున్నా, మిన్నెసోటాకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరున్నా చదవండి.

మేం ఇక్కడికొచ్చిన మొదటి చలికాలమే 2019 జనవరి. ఆ నెల 30న మిన్నియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 33 డిగ్రీలు, పోస్టు బట్వాడా కూడా ఆపేశారు ఆ రోజు. అప్పుడు మాకున్నది చిన్న సెడాన్, ఎక్కడికీ కదలకుండా ఇంట్లోనే కూర్చున్నాం కాబట్టి బండి గురించి ఏమీ నేర్చుకోలేదు. అసలు పాఠం మూడో కాన్పుకి అమ్మానాన్నా వచ్చినప్పుడు అయింది. ఇద్దరు పిల్లలు, రాబోయే పసిబిడ్డ, మేమిద్దరం, వాళ్ళిద్దరు, మొత్తం ఏడుగురం. సెడాన్ ఏం సరిపోతుంది, మినీవ్యాన్ తప్పలేదు.

మార్కెట్లో ఎక్కువగా కనపడేవి నాలుగు. టయోటా సియెన్నా 2021 మోడల్ నుంచి అన్నీ హైబ్రిడ్డే, అందులో ఏడబ్ల్యూడీ తీసుకుంటే వెనక చక్రాలకి విడిగా ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది, పెట్రోలు ఖర్చు బాగా తక్కువ, కాకపోతే రెండో వరస సీట్లు బయటికి తీయడానికి రావు. క్రైస్లర్ పసిఫికాలో కూడా ఏడబ్ల్యూడీ దొరుకుతుంది, రెండో వరస సీట్లు నేలలోకి మడత పెట్టేయొచ్చు, దాని ప్లగిన్ హైబ్రిడ్ మాత్రం ముందు చక్రాలతోనే నడుస్తుంది. హోండా ఒడిస్సీ, కియా కార్నివాల్ రెండూ ముందు చక్రాల బళ్ళే. ఒక డీలర్ దగ్గర సేల్స్ అబ్బాయి మమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టి, ఏడబ్ల్యూడీ ఉంటే ఇంక చలికాలం గురించి మర్చిపోవచ్చు, టైర్లు కూడా మార్చక్కర్లేదు అని చెప్పాడు. ఆ మాట తప్పు. అది నమ్మి ఎంతమంది కుటుంబాలతో రోడ్డెక్కుతున్నారో అని ఇప్పటికీ బాధేస్తుంది నాకు.

మేం చివరికి వాడిన ఒడిస్సీ తీసుకున్నాం. రెండో వరసలో ముగ్గురు పిల్లల సీట్లూ పక్కపక్కనే పడతాయి, రిమోట్ స్టార్ట్ ఉంది, మూడో వరస దాకా వేడిగాలి బాగా వస్తుంది. ఈ చివరిది చాలామంది చూడరు, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళినప్పుడు ఒకళ్ళు వెనక వరసలో కూర్చుని మరీ చూడండి, మైనస్‌లో ముందు కూర్చున్నవాళ్ళకి చెమటలు, వెనక కూర్చున్న అమ్మమ్మకి కాళ్ళు కొంకర్లు అంటే కష్టం.

ఆ నవంబర్‌లో మొదటి మంచు పడింది, ఎక్కువేం కాదు, రెండంగుళాలు. డాక్టర్ చెకప్‌కి వెళ్ళి వస్తున్నాం, నాకు ఎనిమిదో నెల. 94 హైవే మీంచి కిందికి దిగే ర్యాంప్, స్పీడు 20 మైళ్ళు కూడా లేదు, కింద సిగ్నల్ ఎర్రగా ఉంది, మా ఆయన చాలా ముందుగానే బ్రేకు మీద కాలేశారు. పెడల్ గరగరమని కొట్టుకుంటోంది, బండి మాత్రం ఆగట్లేదు, నెమ్మదిగా, ఏ చప్పుడూ లేకుండా అలా జారుకుంటూ జారుకుంటూ తెల్లగీత దాటేసి, కుడిపక్క కర్బ్‌కి చక్రం తగిలి ఆగింది. ఆ క్షణంలో అడ్డంగా ఏ బండీ రాలేదు, అంతే. నా రెండు చేతులూ పొట్ట మీదే ఉన్నాయి.

మా నాన్న రాజమండ్రి డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, ముప్పై ఏళ్ళ సర్వీసు, మారేడుమిల్లి ఘాట్ మీంచి భద్రాచలం రూట్లో ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. ముందు సీట్లో కూర్చున్నారు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మేమంతా లోపలికి వెళ్ళిపోతే ఆయన గ్యారేజ్‌లోనే ఉండిపోయారు, నేను వెళ్ళి చూస్తే చలికి మంకీ క్యాప్ పెట్టుకుని ముందు చక్రం దగ్గర గొంతుకూర్చుని టైరు గాడిలో బొటనవేలి గోరు గుచ్చి నొక్కి చూస్తున్నారు. "టైరు గుండైపోయిందేమో అనుకున్నానమ్మా, గాడి బానే ఉంది. కానీ రబ్బరే బిగుసుకుపోయింది, చెక్క నొక్కినట్టుంది" అన్నారు.

అదీ సంగతి. బండితో వచ్చేవి ఆల్ సీజన్ టైర్లు, పేరు చూసి అన్ని కాలాలకీ పనికొస్తాయనుకుంటాం, కానీ సుమారు 45 ఫారెన్‌హీట్, అంటే 7 డిగ్రీల కంటే కిందికి వెళ్ళేకొద్దీ ఆ రబ్బరు గట్టిపడి రోడ్డుని పట్టుకోవడం తగ్గిపోతుంది. చలికాలం టైర్ల రబ్బరు ఎంత చలిలోనైనా మెత్తగా ఉండేలా చేస్తారు, పైగా ఒక్కో దిమ్మ మీద సన్నసన్నటి కోతలుంటాయి, అవి మంచుని కరిచి పట్టుకుంటాయి. నాన్న తర్వాత షాపులో కొత్త టైరుకి కూడా గోరు గుచ్చి చూశారు, ఇట్టే దిగింది. ఏడబ్ల్యూడీ నాలుగు చక్రాలనీ తిప్పుతుంది కాబట్టి ఆగిన చోటి నుంచి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి బాగా పనికొస్తుంది. మీ డ్రైవ్‌వే ఏటవాలుగా ఉంటే, ఊరి బయట మంచు తోసే ప్లౌ బండి ఆలస్యంగా వచ్చే చోట ఉంటే తీసుకోండి, వద్దనను. కానీ బ్రేకులు అన్ని బళ్ళకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, ఆపేటప్పుడు ఏడబ్ల్యూడీ చేసే సాయం ఏమీ లేదు, మలుపులో కూడా పట్టు ఇచ్చేది టైరే. బడ్జెట్లో రెండింట్లో ఒకటే కుదురుతుందంటే నేను కళ్ళు మూసుకుని టైర్లకే ఓటేస్తా.

కొనేటప్పుడు టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉందో లేదో చూడండి. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్ అండ్ స్నో) అని రాసుంటే సరిపోదు, ఆ బొమ్మ ఉన్నదే మంచులో పరీక్షకి నిలబడిన టైరు. బ్లిజాక్, ఎక్స్ ఐస్, హక్కాపెలిట్టా ఇక్కడ ఎక్కువగా వినపడే పేర్లు. మార్చడం కుదరదు, అపార్ట్‌మెంట్‌లో దాచే చోటు లేదు అనుకునేవాళ్ళకి ఆల్ వెదర్ అని ఇంకో రకం ఉంది, క్రాస్‌క్లైమేట్ లాంటివి, వాటికీ ఆ బొమ్మ ఉంటుంది, ఏడాదంతా ఉంచుకోవచ్చు, గట్టి ఐస్ మీద అసలు వింటర్ టైరంత కాకపోయినా మామూలు వాటికంటే చాలా నయం. మేకుల టైర్లు మాత్రం మిన్నెసోటాలో ఇక్కడివాళ్ళు వాడకూడదు. నాలుగూ వేయించండి, డబ్బు కలిసొస్తుందని ముందు రెండే వేయిస్తే వెనక భాగం తిరగేసుకుపోతుంది, పిల్లలు కూర్చునేది అటే.

మాకు విడి ఇనప రిమ్ములతో కలిపి 1,300 డాలర్ల దాకా అయింది. ఎక్కువే, కానీ ఇవి తిరిగినన్నాళ్ళూ ఆ ఆల్ సీజన్ టైర్లు అరగవు, రిమ్ములు విడిగా ఉంటే ప్రతిసారీ టైరు ఊడదీసి ఎక్కించే కూలి కూడా మిగులుతుంది. బిగించాక 50 నుంచి 100 మైళ్ళు తిరిగి నట్లు మళ్ళీ టైట్ చేయించండి. ఎప్పుడు మార్చాలంటే అక్టోబర్ చివరికల్లా అయిపోవాలి, 1991లో ఇక్కడ సరిగ్గా హాలోవీన్ రోజు, అక్టోబర్ 31న, మొదలైన మంచు తుఫానులో ట్విన్ సిటీస్‌లో (మిన్నియాపొలిస్, సెయింట్ పాల్) 28 అంగుళాలు పడింది, మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆ కథ చెప్తారు. పైగా మొదటి మంచు పడ్డాక టైర్ల షాపుల్లో రెండు వారాల దాకా అపాయింట్‌మెంట్ దొరకదు.

గాలి సంగతి కూడా. ప్రతి 10 ఫారెన్‌హీట్ తగ్గుదలకి టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గిపోతుంది, సెప్టెంబర్‌లో 70 ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు కొట్టించిన గాలి సున్నాకి వచ్చేసరికి ఏడు తక్కువ ఉంటుంది. డ్రైవర్ డోర్ స్తంభం మీద స్టిక్కర్లో ఎంత రాసుందో అంత, పొద్దున్నే బండి తిరగకముందు చూసి కొట్టించండి. బ్యాటరీ నాలుగేళ్ళు దాటితే టెస్ట్ చేయించండి, సున్నా ఫారెన్‌హీట్‌లో దాని బలం సగం కూడా ఉండదు, అదే సమయానికి ఇంజన్ ఆయిల్ చిక్కబడి ఎక్కువ బలం అడుగుతుంది. అద్దం కడిగే నీళ్ళు మైనస్ 20 అని రాసున్నవే పోయండి, ఎండాకాలంవి మిగిలుంటే అయిపోయేదాకా కొట్టేసి మార్చండి, లేకపోతే అద్దం మీదే గడ్డకడతాయి. ఇంకోటి, కొన్ని వ్యాన్లకి స్టెప్నీ ఇవ్వరు, గాలి కొట్టే కిట్ పెట్టి ఊరుకుంటారు, కొనేముందే అడగండి.

మినీవ్యాన్‌కి ప్రత్యేకంగా ఉండే బాధ ఈ జరిగే తలుపులు. జనవరిలో ఒకరోజు సాయంత్రం ఉప్పు పోతుందని కారు కడిగించుకొచ్చాం, తెల్లారి మైనస్ 10, పిల్లలకి టైమైపోతోంది, బటన్ నొక్కితే తలుపు మూలుగుతోంది గానీ రావట్లేదు. అమ్మ చెంబుతో వేడినీళ్ళు పట్టుకొచ్చేసింది. వద్దమ్మా అని పరిగెత్తా, వేడినీళ్ళకి అద్దం పగలొచ్చు, పోసిన నీళ్ళు నిమిషంలో మళ్ళీ గడ్డకట్టి ఇంకా బిగుస్తాయి. బటన్ పదేపదే నొక్కినా మోటారు మీద, లోపల కేబుల్ మీద భారం పడుతుంది. తలుపుని భుజంతో లోపలికి గట్టిగా నాలుగుసార్లు అదిమితే రబ్బరు చుట్టూ ఉన్న ఐస్ టపటపమని విరిగింది, అప్పుడు పవర్ ఆపేసి చేత్తో లాగితే వచ్చింది. అప్పట్నించీ అక్టోబర్‌లోనే ఆ రబ్బరు అంచులన్నీ తుడిచి గుడ్డతో సిలికాన్ స్ప్రే పట్టిస్తున్నాం, కింద పట్టాల్లో ఇసుక, ఉప్పు వాక్యూమ్ చేస్తున్నాం, కారు కడిగించాక తలుపులు తీసి అంచులు పొడిగా తుడిచాకే గ్యారేజ్‌లో పెడుతున్నాం. ఇప్పటిదాకా మళ్ళీ పట్టెయ్యలేదు.

ఇప్పుడు చెప్పేది దయచేసి జాగ్రత్తగా చదవండి. పిల్లల్ని దళసరి కోటుతో కార్ సీట్‌లో బెల్ట్ బిగించకండి. మా పాపని హాస్పిటల్ నుంచి తెచ్చేరోజు అమ్మకీ నాకూ దీనిమీద పెద్ద గొడవే అయింది, "ఏంటే, పది రోజులు కూడా నిండని పిల్లకి ఈ చలిలో కోటు తీసేస్తావా, జలుబు చేస్తే?" అని. సరే అని మా నాలుగేళ్ళవాడి మీద చేసి చూపించా. కోటుతో కూర్చోబెట్టి బెల్ట్ బాగా లాగి బిగించా, తర్వాత బెల్ట్ వదులు చెయ్యకుండా బకిల్ ఒక్కటే విప్పి, కోటు తీసి మళ్ళీ పెట్టా. భుజం దగ్గర నా పిడికిలి మొత్తం దూరింది. గుద్దుకున్నప్పుడు కోటులో దూది అంతా అణిగిపోయి సరిగ్గా అంత వదులూ వస్తుంది, పిల్లాడు అందులోంచి జారిపోవచ్చు. అమ్మ ఆ తర్వాత ఒక్క మాట అనలేదు, తనే పాపకి పల్చటి బట్టలు వేసి, బెల్ట్ పెట్టాక పైన శాలువా కప్పేది. పెద్దపిల్లలకి కోటు తిప్పి ముందువైపు నుంచి చేతులు తొడిగితే చాలు. బండి ముందే పది నిమిషాలు వేడెక్కించుకోండి, కానీ గ్యారేజ్ లోపల ఇంజన్ ఆన్ చేసి ఉంచకండి, తలుపు తీసున్నా సరే, బయటికి తీసుకొచ్చి ఆన్ చెయ్యండి, ఆ పొగ ఇంట్లోకి వస్తుంది.

మూడో వరస వెనక గొయ్యిలో మేం నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా ఒక డబ్బా ఉంచుతాం. చిన్న పార, ఇసుక సంచి, జంప్ స్టార్టర్, టార్చ్, దుప్పట్లు, డైపర్లు, పాలపొడి, నీళ్ళ సీసాలు పూర్తిగా నింపకుండా ముప్పావు వరకే, గడ్డకడితే పగలకుండా. తినడానికి అమ్మ పెట్టిన అలవాటే, జంతికలు, పల్లీ చిక్కీ, చలికి చెడవు, పిల్లలు మారాం చెయ్యకుండా తింటారు. పెట్రోలు సగానికి తగ్గనివ్వం. ఎక్కడైనా మంచులో ఇరుక్కుంటే బండి వదిలి నడవకూడదు, ముందు దిగి వెనక పొగ గొట్టం చుట్టూ మంచు తవ్వెయ్యాలి, తర్వాత గంటకి ఓ పది నిమిషాలే ఇంజన్ వేసుకుని, ఒక కిటికీ వేలెడు తెరిచి ఉంచాలి.

తోలడం గురించి నేను చెప్పేకంటే నాన్న మాటే చెప్తా. ఫిబ్రవరిలో డులూత్ వెళ్ళాం, 35 హైవే మీద 150 మైళ్ళు, ఊరొచ్చేముందు కొండ మీంచి ఒక్కసారిగా దిగుతుంది, కింద సరస్సు సగం గడ్డకట్టి తెల్లగా. నాన్న ముందుకి వంగి, "అచ్చం మన ఘాటే. దిగేముందే స్పీడు తగ్గించుకో నాయనా, దిగుతూ బ్రేకు మీద బతక్కూడదు" అన్నారు మా ఆయనతో. అంతే చెయ్యాలి, ముందు బండికి ఎనిమిది పది సెకన్లు దూరం ఉంచండి, వంతెనల మీద ముందుగా ఐస్ కడుతుందని గుర్తుపెట్టుకోండి, ప్లౌ కనపడితే దాని వెనకే ఉండండి. 15 ఫారెన్‌హీట్ కంటే కింద ఉప్పు సరిగ్గా పనిచెయ్యదు, రోడ్డు నల్లగా ఉందని నమ్మొద్దు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ గరగరమన్నా కాలు తియ్యకుండా గట్టిగా నొక్కి ఉంచాలి, ఇదొక్కటీ నాన్నకి కొత్త, పాత బస్సుల్లో వదిలి వదిలి కొట్టేవారట. మొదటి మంచు రోజు ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళి పదిహేను మైళ్ళ స్పీడులో బ్రేకు కొట్టి చూసుకోండి, ఆ గరగర ఏంటో కాలికి తెలిసి ఉండాలి.

మాకు ఈ శనివారం ఎనిమిదింటికి అపాయింట్‌మెంట్. నిన్న రాత్రి గ్యారేజ్‌లో టైర్ల మీద కప్పిన గుడ్డ తీస్తే, వాటి మీద నాన్న సుద్దముక్కతో రాసినవి ఇంకా చెరగలేదు, ముం.ఎ, ముం.కు, వె.ఎ, వె.కు అని, ముందు ఎడమ, ముందు కుడి అలా. ఈసారి ముందువి వెనక్కి వేయించాలి, తుడిచేసి కొత్తగా రాయాలి.