ఎవరూ పేర్చని గుండ్లు

హైదరాబాద్‌లోని మౌలాలీ గుట్టను మొదటిసారి చూసిన పిల్లలు అడిగే ప్రశ్న ఒక్కటే: "సార్, ఈ గుండ్లన్నీ ఇక్కడ ఎవరు పేర్చిన్రు?" రాళ్లు కొట్టి బతికిన ఇంట్లో పుట్టి, ఇప్పుడు హైస్కూల్లో సైన్సు చెప్పుకుంటున్న నాకు ఈ ప్రశ్న చాలా ఇష్టం. ఎందుకంటే వాటిని ఎవరూ పేర్చలేదు. ఎక్కడి నుంచీ దొర్లి రాలేదు కూడా. ఉన్నచోటనే తయారయ్యాయి, అదీ భూమి లోపల.

హైదరాబాద్ కింద ఉన్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. హిమాలయాలు లేవడం మొదలై 5 కోట్ల ఏళ్లే అయింది. రాక్షసబల్లులు పోయింది 6.6 కోట్ల ఏళ్ల కింద. వికారాబాద్ వైపు వెళ్తే కనిపించే నల్లరాయి ఆ కాలపు లావా. మన గుట్టల ముందు అదీ పసిదే. అప్పటి నేలకు కిలోమీటర్ల లోతున కరిగిన రాయి మెల్లగా చల్లారి ఈ గ్రానైట్ అయింది. అంత మెల్లగా చల్లారింది కాబట్టే ఇందులో గింజలు కంటికి కనిపించేంత పెద్దవి. గులాబీ రంగువి ఫెల్డ్‌స్పార్, మసక తెల్లగా మెరిసేవి క్వార్ట్జ్, నల్లగా తళుక్కుమనేవి బయొటైట్ అనే అభ్రకం. గుట్ట ఎక్కేటప్పుడు ఏ బండ మీదనైనా కాసేపు చూపు నిలపండి, మూడూ దొరుకుతాయి.

పైనున్న మన్నూ రాయీ కోట్ల ఏళ్లుగా కొట్టుకుపోతుంటే కింది గ్రానైట్ మీద బరువు తగ్గుతూ వచ్చింది. బరువు తగ్గిన రాయి కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు నేలకు సమాంతరంగా, ఉల్లిగడ్డ పొరల్లా, పగులుతుంది. వీటికి తోడు నిలువు చీలికలు. అడ్డమూ నిలువూ కలిసి రాయి లోపలే పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయింది. ఆ చీలికల్లోకి వాననీరు దిగింది. నీరు తగిలిన ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమట్టి అయింది. దిమ్మె మూల మీద నీరు మూడు వైపుల నుంచి పనిచేస్తుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మధ్యలో ఒక్క వైపు నుంచే. అందుకే మూలలు ముందు కరుగుతాయి, దిమ్మె గుండవుతుంది. చుట్టూ మిగిలిన పొడే మనం ఇళ్ల ముందు పోయించుకునే మొరం. వానలకు మొరం కొట్టుకుపోయాక గుండ్లు బయటపడ్డాయి, ఒకదాని మీద ఒకటి, లోపల ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే.

మా నాయనకు ఈ పుస్తకం సంగతులేవీ తెలియవు. కానీ రాయి ఎటు విడుతుందో ఆయనకు తెలుసు. సుత్తెతో తట్టి వినేవాడు. ఖంగుమంటే రాయి గట్టిది, మొద్దుగా మోగితే లోపల పగులుంది. పరుపుబండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవాళ్లు. వేడికి పైపొర ఉబ్బి కింది బండ నుంచి విడిపోయేది. 250 కోట్ల ఏళ్ల రాయి తన పొరను తానే వదులుకునేలా చేసే విద్య అది. కాలేజీలో మాకు చీలికల పాఠం చెప్తుంటే నాకు కనిపించింది బోర్డు కాదు, ఆ మంట.

మనుషులు ఈ గుట్టను పట్టుకుని ఉన్నదీ ఇవాళ నిన్న కాదు. మౌలాలీ చుట్టుపక్కల ఇనుప యుగపు సమాధులు బయటపడ్డాయి. అంటే కుతుబ్‌షాహీలకు ఎంతో ముందే, చచ్చినవాళ్లను పెద్ద రాళ్ల మధ్య పదిలంగా దాచుకున్న జనం ఇక్కడ ఉన్నారు. ఇప్పటి పేరు మాత్రం 1578 నాటి కథతో వచ్చింది. ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులో యాకూత్ అనే ఆయన ఉండేవాడు. ఆయన కలలో మౌలా అలీ అని పిలుచుకునే హజ్రత్ అలీ ఈ గుట్ట మీద రాయికి చేయి ఆనించి కూర్చుని కనిపించారట. మర్నాడు వెళ్లి చూస్తే బండ మీద అరచేతి గుర్తు ఉందంటారు. ఆ రాయి చుట్టూనే దర్గా లేచింది. రజబ్ నెలలో ఉర్సుకు నిజాముల కాలంలో నగరమంతా ఇటే కదిలి వచ్చేది. గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూ కవయిత్రి, నర్తకి, నిజాం కొలువులో గౌరవం పొందిన మనిషి. తల్లి కోసం 1792లో కట్టించిన ఆవరణలోనే 1824లో తానూ చేరింది. గుట్ట ఎక్కి దిగేవాళ్లలో చాలామంది అటు తిరిగి కూడా చూడరు. అది నాకు బాధ.

నా మాట ఒకటుంది. ఈ గుట్ట మిగలడానికి కారణం మొక్కే జనం. దర్గా లేకుంటే దీని గతి కూడా చుట్టూ ఉన్న గుట్టల్లాగే అయ్యేది. ఎన్ని గుట్టలు కంకరై పోయాయో, ఎన్ని గుండ్లు మందుపెట్టి పేల్చిన చప్పుడుతో మాయమయ్యాయో ఈ ఊళ్లో పెరిగిన ఎవరినడిగినా చెప్తారు. నాయన రాయి కొట్టాడు, నేను కాదనను. ఆ రాళ్లతో ఇళ్లు, బావులు, గోడలు లేచాయి. 1939లో తలుపులు తెరిచిన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కూడా గ్రానైటే. కానీ చేత్తో కొట్టేవాడు రాయిని ఏరుకునేవాడు, మిగతాది వదిలేసేవాడు. క్రషర్‌కు ఆ ఏరుకోవడం లేదు.

రాళ్లను కాపాడడానికి 1996లో పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్లు నగరంలో గుండ్లను చూపించే నడకలు పెడుతున్నారు, ఆ రాళ్ల కోసం అధికారుల ముందు మాట్లాడుతున్నారు. మనం చేయగలిగిందీ ఉంది. లేఅవుట్ గీసేటప్పుడు చెరువును గుర్తించినట్టే గుండునూ గుర్తించాలి. పార్కుకు వదిలే స్థలం ఎలాగూ ఉంటుంది, దాన్ని గుండ్లున్న మూలకే వదలాలి. గోల్కొండ కట్టినవాళ్లు గుండును తొలగించకుండా దానికే గోడను కలిపి కట్టారు. వెళ్లినప్పుడు ఆ కలిసిన చోటు మీద చేయి పెట్టి చూడండి.