మైకెల్‌సన్ బల్ల, 11వ వారం: ఫ్రింజెస్ ఎందుకు మాయమవుతున్నాయో దొరికింది

దొరికింది! పదకొండు వారాలుగా మా ఆప్టిక్స్ క్లబ్ గదిలో అందరి బుర్రా తిన్న సమస్యకి (మైకెల్‌సన్ ఇంటర్‌ఫెరోమీటర్ గోడ మీద వేసే ఎర్ర, నల్ల గీతలు, అంటే ఫ్రింజెస్, వాటంతట అవే మాయమవడం) నిన్న రాత్రి తొమ్మిదిన్నరకి కారణం దొరికింది. హాస్టల్ మెస్ మూసేశారు, నలుగురం బిస్కెట్లు తిని పడుకున్నాం, అయినా నాకు నిద్ర పట్టలేదు. ఇవాళ ఫిబ్రవరి 9. సైన్స్ డేకి ఇంకా 19 రోజులున్నాయి. అందుకే మర్చిపోకముందే అన్నీ రాసేస్తున్నా, కొలతలతో సహా.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క ముక్క. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నా, మా యూనివర్సిటీలో ఆప్టిక్స్, ఫోటోనిక్స్ స్టూడెంట్ చాప్టర్ (ఈ క్లబ్బే) నడిపే పని ఈ ఏడాది నా మీద పడింది. సి.వి.రామన్ వెలుగు చెదరడం మీద తన ఫలితాన్ని 1928 ఫిబ్రవరి 28న ప్రకటించారు కాబట్టి 1987 నుంచి ఆ రోజు దేశమంతా సైన్స్ డే. మా డిపార్ట్‌మెంట్‌కి చుట్టుపక్కల బడుల పిల్లలు వస్తారు. పండగే వెలుగుది అయినప్పుడు మా స్టాల్‌లో పోస్టర్లు మాత్రమే ఉంటే నాకు నచ్చదు. పిల్లలు చెయ్యి పెట్టి చూసేది ఏదైనా ఉండాలనుకున్నా. మైకెల్‌సన్ ఇంటర్‌ఫెరోమీటర్ ఒక లేజర్ బీమ్‌ని రెండుగా చీల్చి, రెండు దారుల్లో (వీటినే చేతులు అంటాం) అద్దాల దాకా పంపి, తిరిగొచ్చాక కలిపి గోడ మీద గీతలు వేస్తుంది. అందులో ఒక చేతి కింద అరచెయ్యి పెడితే, ఆ వేడికి గాలి పలచబడి గోడ మీద గీతలు జరుగుతాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే, అరచెయ్యి వెడల్పు 8 సెంటీమీటర్లు అనుకుంటే, గీతలు దాదాపు పావు ఫ్రింజ్, అంటే రెండు గీతల మధ్య దూరంలో పావు వంతు, జరగాలి. తమ ఒంటి వేడి గోడ మీద కదలడం ఏడో క్లాసు పిల్ల చూస్తే దాన్ని మర్చిపోదని నా నమ్మకం.

ముందు బాగా జరిగినవి. డీవీడీ ముక్కలతో స్పెక్ట్రోస్కోపులు అరవై తయారయ్యాయి. సీడీ కంటే డీవీడీయే నయం, ట్రాక్‌ల మధ్య దూరం 1.6 మైక్రాన్ల బదులు 0.74 కాబట్టి రంగులు బాగా విడిపోతాయి. నీటిధారలో లేజర్ వంగే బాటిల్ సిద్ధం. పోలరాయిడ్ల (వెలుగు కంపనాల్లో ఒక దిశవే వదిలే ఫిల్టర్ల) మధ్య ప్లాస్టిక్ స్కేలు సిద్ధం. వణుకు సమస్య కూడా డిసెంబర్‌లోనే తీరిపోయింది: 60 బై 45 సెంటీమీటర్ల కడప బండలు రెండు అతికించి, దాదాపు 29 కిలోల బరువు, కింద సగం గాలి కొట్టిన స్కూటర్ ట్యూబ్. ఫ్యాన్ ఆపాలి, అంతే.

ఇక అసలు గొడవ.

లేజర్ ఆన్ చేయగానే గోడ మీద గీతలు కత్తితో కోసినట్టు కనిపించేవి. ఆరు ఏడు నిమిషాలకి మెల్లగా వెలిసిపోయి, ఎర్రటి మచ్చ ఒకటే మిగిలేది. ఇంకో రెండు నిమిషాలకి వాటంతట అవే తిరిగొచ్చేవి. మళ్లీ పోయేవి. ఒక్కోసారి ఇరవై నిమిషాలు గట్టిగా నిలబడేవి, ఆ రోజు అందరం ఇక అయిపోయిందనుకునేవాళ్లం, మర్నాడు సార్‌ని పిలిచి చూపిస్తే ఏమీ ఉండేది కాదు. నవంబర్ నుంచి ఇదే వరస.

కంటితో బాగుంది, బాగాలేదు అనుకుంటే ఎటూ తేలదని జనవరిలో వెలుగుని వోల్టేజ్‌గా కొలవడానికి బీపీడబ్ల్యూ 34 ఫోటోడయోడ్ ఒకటి ఆర్డినో ఊనో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి కట్టాం, ముందు సన్నటి చీలిక పెట్టి. బండని వేలితో మెల్లగా నొక్కితే గీతలు చీలిక మీదుగా జరుగుతాయి, ఎక్కువ వోల్టేజ్, తక్కువ వోల్టేజ్ రెండూ దొరుకుతాయి. బాగున్నప్పుడు 3.1, 0.4. తేడాని మొత్తంతో భాగిస్తే వచ్చే కాంట్రాస్ట్ 0.77. మాయమైనప్పుడు 1.9, 1.6, అంటే 0.09. ఇక్కడ చూడాల్సింది ఏమిటంటే రెండు సార్లూ మొత్తం కలిపితే 3.5 వోల్టులే. వెలుగు ఎక్కడికీ పోవడం లేదు, కలవడం మానేస్తోంది. ఈ సంగతి రిజిస్టర్‌లో రాసుకుని కూడా దాని అర్థం పట్టుకోడానికి మాకు మూడు వారాలు పట్టింది.

మొదటి అనుమానం అద్దాలని పట్టి ఉంచే మౌంట్ల మీద. అద్దాలు పాత జిరాక్స్ మెషీన్‌లోంచి తీసిన ఫ్రంట్ సర్ఫేస్‌వి (మెరిసే పూత ముందువైపే ఉండేవి), ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికాయి, వాటిని మేమే చేసిన మౌంట్లకి అరాల్డైట్‌తో అతికించాం. క్షణాల్లో అతుక్కునే జిగురు అద్దాల దగ్గర వాడొద్దు, దాని ఆవిరికి అద్దం మీద తెల్లటి పొర పడుతుంది, ఒక అద్దం అలాగే పోయింది. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లోని థోర్‌ల్యాబ్స్ కంపెనీ మౌంట్ రెండు రోజులు అడిగి తెచ్చి పెట్టాం. స్క్రూ తిప్పుతుంటే చేతికి తెలుస్తుంది ఎంత మంచి వస్తువో, డబ్బుంటే ఇంకేదీ కొనను. అయినా గీతలు మాయమయ్యాయి. పైగా మౌంట్ జారితే గీతలు పక్కకి జరగాలి, సన్నబడాలి, లావవ్వాలి. ఉన్నచోటే వెలిసిపోకూడదు.

రెండోది వేడికి బేస్ సాగడం. అద్దాల కింద అల్యూమినియం పట్టీ ఉంది, 10 సెంటీమీటర్లు, డిగ్రీకి 2.3 మైక్రాన్లు సాగుతుంది, అంటే 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న లేజర్‌కి, పోయి రావడం కలిపి, ఏడు ఫ్రింజెస్. పెద్ద సంఖ్యే. కానీ ఇదీ జరగడమే తప్ప వెలిసిపోవడం కాదు. మూడోది పోలరైజేషన్: రెండు చేతుల్లోనూ పోలరాయిడ్ తిప్పి చూశాం, తేడా లేదు. నాలుగోది బ్యాటరీ: రెండు పెన్సిల్ సెల్స్ తీసేసి బెంచ్ సప్లై పెట్టాం, కరెంట్ 24 మిల్లీ ఆంపియర్ల దగ్గర నిలకడగా ఉంది, గీతలు మాత్రం తొమ్మిదో నిమిషంలో పోయాయి. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

గ్రీన్ లేజర్ పాయింటర్ పెట్టి చూడమని చాలామంది చెప్పారు. క్లబ్ గదిలోకి దాన్ని రానివ్వను. 5 మిల్లీవాట్లని స్టిక్కర్ ఉన్న చవక పాయింటర్లలో అంతకి చాలా రెట్లు ఎక్కువ వచ్చేవి ఉంటాయి, లోపల ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్ లేకపోతే 808, 1064 నానోమీటర్లు కంటికి కనపడకుండా బయటికొస్తాయి. మన బల్ల ఎత్తు సరిగ్గా ఆరో క్లాసు పిల్లల కంటి ఎత్తు, ఈ మాట చాప్టర్లు నడిపే వాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలి. మేం బీమ్ చుట్టూ నల్ల అట్టతో గోడ కట్టాం, పైనుంచి చెయ్యి పెట్టేంత సందు మాత్రమే ఉంది.

సరే, గురువారానికి వద్దాం. ఆ రోజు చలి కొంచెం ఎక్కువ. ఫస్ట్ ఇయర్ తమ్ముడొకడు లేజర్ ఇత్తడి ఒంటిని రెండు వేళ్లతో పట్టుకుని నిలబడ్డాడు, ఊరికే. "అక్కా, నేను పట్టుకుంటే పోతున్నయ్, వదిలేస్తే వస్తున్నయ్" అన్నాడు. చెయ్యి తగిలి కదిలి ఉంటుందిలే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. కదలకుండా దూది చుట్టి, దూరం నుంచి హెయిర్ డ్రయ్యర్ అతి తక్కువలో పెట్టి చూపించాడు. నాలుగైదు డిగ్రీలు ఎక్కేలోగా గీతలు మూడుసార్లు పోయి మూడుసార్లు వచ్చాయి.

అప్పుడు వెలిగింది. ఇంటర్‌ఫెరోమీటర్ చేతులు సమానంగా లేవు. అరచెయ్యికి చోటు కావాలని ఒక చెయ్యి 14 సెంటీమీటర్లు, రెండోది 18.5 పెట్టాం. పోయి రావడం లెక్కేస్తే 9 సెంటీమీటర్ల తేడా. దాదాపు ఒకే రంగు ఇచ్చే హీలియం నియాన్ లేజర్ అయితే ఇది లెక్కలోకే రాదు. కానీ కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిన్న డయోడ్ మాడ్యూల్ ఒకే రంగు ఇవ్వదు, చిప్ పొడవుని బట్టి పక్కపక్కన ఉండే మోడ్‌లలో (అతి కొద్ది తేడా ఉన్న రంగుల్లో) ఒకసారి ఒకటి, ఒకసారి రెండు వెలుగుతాయి. ఒకటే ఉన్నప్పుడు గీతలు బ్రహ్మాండం. రెండూ సమానంగా ఉన్నప్పుడు ఒకదాని నల్లగీత మీద ఇంకోదాని ఎర్రగీత వచ్చి పడితే మొత్తం చదునైపోతుంది. వేడి మారుతున్న కొద్దీ డయోడ్ ఒక మోడ్ నుంచి ఇంకో మోడ్‌కి దూకుతుంది, మధ్యలో రెండూ కలిసి ఉండే ఆ కాసేపే మా గీతలు పోయేది. మొత్తం వెలుగు 3.5 వోల్టులు మారకపోవడానికి కారణం కూడా ఇదే!

ఊహ నిజమో కాదో తేల్చడానికి ల్యాబ్ అటెండర్ అన్నని బతిమాలి ట్రావెలింగ్ మైక్రోస్కోప్ ఒకటి తెచ్చుకున్నాం. డిగ్రీలో అందరం రీడింగులు తీసి విసిగిపోయినదే, కానీ 0.01 మిల్లీమీటర్ చదవగలిగే స్టేజ్ (స్క్రూతో జరిపే పీట) ఇంత చవకగా ఇంకెక్కడ దొరుకుతుంది? మైక్రోస్కోప్ ట్యూబ్ తీసేసి అక్కడ ఇంటర్‌ఫెరోమీటర్ అద్దం ఒకటి బిగించాం. లేజర్‌ని దూదిలో అరగంట వేడెక్కనిచ్చి, రెండు మోడ్‌లు కలిసి ఉన్నట్టు అనిపించిన చోట ఆపి, అద్దం జరుపుతూ కాంట్రాస్ట్ రాసుకున్నాం. మొదలుపెట్టిన చోట 0.76. 0.3 మిల్లీమీటర్లు జరిపితే 0.55. 0.65 దగ్గర 0.11, గోడ మీద ఏమీ లేదు. 1.0 దగ్గర 0.57. 1.3 దగ్గర మళ్లీ 0.74.

ఆ చివరి అంకె చదివినప్పుడు గదిలో అరిచిన అరుపుకి వాచ్‌మన్ వచ్చాడు.

అద్దం 1.3 జరిగితే దారి 2.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 650 నానోమీటర్ల వర్గాన్ని దాంతో భాగిస్తే మోడ్‌ల మధ్య దూరం 0.16 నానోమీటర్లు. గ్రూప్ ఇండెక్స్ (చిప్‌లో వెలుగు ఎన్ని రెట్లు నెమ్మదిస్తుందో చెప్పే అంకె) 4 దగ్గర వేసుకుంటే చిప్ పొడవు మిల్లీమీటరులో మూడో వంతు, ఎర్ర డయోడ్‌కి నప్పే కొలతే. కంటికి కనపడని చిప్ పొడవుని గోడ మీద గీతలతో, కడప బండ మీద కొలిచాం. ఫస్ట్ ఇయర్ వాళ్లకి ఇది అర్థమైన క్షణంలో వాళ్ల ముఖాలు చూడాల్సింది.

మందు తేలికే: రెండు చేతులూ సమానం చేయడం. ఇప్పుడు రెండూ 18.5, మైక్రోస్కోప్ స్టేజ్‌తో 0.1 మిల్లీమీటర్‌లోపు సరిచేశాం. దారి తేడానే లేకపోతే ఎన్ని మోడ్‌లు ఉన్నా గీతలు ఒకదాని మీదే ఒకటి పడతాయి. నిన్న 40 నిమిషాలు నడిపాం, కాంట్రాస్ట్ 0.74 నుంచి 0.70 మధ్యే ఉంది. డ్రయ్యర్ పెట్టినా పోలేదు.

ఒక్కటి మిగిలింది. మూడు నాలుగు నిమిషాలకోసారి మొత్తం మచ్చ వెలుగు ఐదు సెకన్లు మినుకుమంటోంది. నా అనుమానం, ఇంటర్‌ఫెరోమీటర్ నుంచి వెనక్కి వచ్చే బీమ్ నేరుగా డయోడ్‌లోకే వెళ్లి దాన్ని కదిలిస్తోంది. లేజర్‌ని కొంచెం ఓరగా పెట్టి, తిరిగొచ్చే చుక్క రంధ్రానికి 3 మిల్లీమీటర్లు పక్కన పడేలా చేస్తే తగ్గింది, పూర్తిగా పోలేదు. పోలరాయిడ్, దాని వెనక క్వార్టర్ వేవ్ ప్లేట్ (వెలుగు పోలరైజేషన్‌ని మార్చే పలక) పెడితే తిరిగొచ్చే వెలుగు ఆగిపోవాలి. ప్లేట్ కొనాలంటే క్లబ్ డబ్బులకి మూడు కొటేషన్లు, సంతకాలు, అదంతా సైన్స్ డేలోపు జరిగే పని కాదు. ముందు పారదర్శకమైన టేపు పొరలతో ప్రయత్నిస్తా.

క్లబ్ గురించి రెండు మాటలు, ఎందుకంటే వేరే యూనివర్సిటీల్లో చాప్టర్ మొదలుపెడుతున్న ఇద్దరు నన్ను అదే అడిగారు. ఆగస్టులో పేర్లిచ్చినవాళ్లు 41 మంది. మొదటి రెండు నెలలు ఉపన్యాసాలే పెట్టాను, మంచి వక్తలే, మూడో దానికి 8 మంది వచ్చారు. నవంబర్‌లో ఈ బండ గదిలో పెట్టాక, అది పనిచేయడం మానేశాక, ప్రతి గురువారం 14, 15 మంది వస్తున్నారు. సర్టిఫికెట్ ఇవ్వకపోయినా వస్తున్నారు. ఎక్కడ ఆగామో రిజిస్టర్‌లో రాసి ఉంటుంది, ఎవరైనా వచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. వాట్సాప్ గ్రూప్ కంటే ఆ 200 పేజీల రిజిస్టర్ మీద నాకు నమ్మకం ఎక్కువ, జూన్‌లో నేను వెళ్లిపోయాక కూడా అది గదిలోనే ఉంటుంది. గది తాళం చెవి మాత్రం ఒక్కరి దగ్గరే ఉండనివ్వకండి. దసరాకి నేను ఊరెళ్తే పది రోజులు గది మూసే ఉంది, అది నా తప్పే, ఇప్పుడు మూడు చెవులున్నాయి.

వచ్చే గురువారం పని: బండని రెండో అంతస్తు నుంచి హాల్‌కి దింపి, అక్కడ చేతుల పొడవులు ఎంత జరిగాయో చూడాలి. 0.3 మిల్లీమీటర్లు జరిగినా కాంట్రాస్ట్ 0.55కి పడుతుందని పైన రాసిన కొలతలే చెబుతున్నాయి, కాబట్టి మైక్రోస్కోప్ స్టేజ్‌ని 28 దాకా తిరిగివ్వనని అటెండర్ అన్నకి చెప్పాలి. హాల్‌లో ఫ్యాన్లు ఆపితే పిల్లలకి ఉక్కపోస్తుంది, బల్లని మూలకి జరిపి ఆ ఒక్క ఫ్యాన్ ఆపిస్తాం.

మే 16 అంతర్జాతీయ లైట్ డేకి ఇంకో ఆలోచన ఉంది. మొట్టమొదటి లేజర్, మైమన్ రూబీ లేజర్, 1960లో వెలిగింది ఆ రోజే కదా. ఒక చేతిలో 5 సెంటీమీటర్ల గాలి గొట్టం పెట్టి, చేతి పంపుతో గాలి తీస్తూ గీతలు లెక్కపెట్టించాలి, మొత్తం తీసేస్తే దాదాపు 40 గీతలు జరగాలి. పంపు ఎంతవరకు తీస్తుందో చూడాలి. గొట్టం చివర్లకి మైక్రోస్కోప్ స్లైడ్లు అరాల్డైట్‌తో అతికించే పని సెకండియర్ అమ్మాయి తీసుకుంది, ఇవాళ సాయంత్రం సైకిల్ వాల్వ్ కొనడానికి వెళ్తున్నాం.